గిన్నె మోసిన పెద్దమ్మ

పోయిన నెల నెల్లూరులో కంటి డాక్టరుకు చూపించుకుని వస్తూ అద్దెకారులో నా సంచి మరిచిపోయాను. అందులో ఉన్నవి ఒక గొడుగు, పాటల పుస్తకం, కంట్లో వేసుకునే మందు. ఫోను చేస్తే ట్రావెల్స్ ఆఫీసులోని అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "సంచి భద్రంగా ఉంది సార్. వస్తువు మీదేనని ఒక లెటరు రాసుకొచ్చి తీసుకుపోండి" అంది.

కాగితం ముందర పెట్టుకుని కూర్చున్నాను. స్కూలు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇలాంటి ఉత్తరాలకు నా చెయ్యి నాకంటే ముందు నడుస్తుంది. ఆర్యా, విషయం, ఫలానా రోజున తమ కారులో ప్రయాణించి దిగునప్పుడు... అంతా సాఫీగా సాగింది. "పై సంచి నాది" అని రాసే చోట మాత్రం కలం ఆగిపోయింది. గొడుగు నాదే, అందులో అబద్ధం ఏమీ లేదు. అయినా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ నా వాకిలి మెట్టు మీద కూర్చుని ఉన్నట్టే అనిపించింది.

ఆమె నాకు చుట్టం కాదు. ముత్తుకూరు దాటి సముద్రం వైపు వస్తే తగిలే మా ఊళ్ళో, విశ్వాసుల ఇళ్ళన్నిటికీ ఆమె పెద్దమ్మ. బైబిలు స్త్రీగా ఇంటింటికీ తిరిగి వాక్యం చదివేది, జబ్బుపడిన వాళ్ళ మంచం పక్కన ప్రార్థన చేసేది. ప్రతి నెలా మొదటి ఆదివారం మా సంఘంలో ప్రభు బల్ల ఉంటుంది. ఆ రోజు రొట్టె ముక్క తిని, ద్రాక్షరసం అందరం ఒకే వెండి గిన్నెలో నుంచి తాగుతాం. మా తాతలు తాగిన గిన్నె అది. దాన్ని తోమడం, దాచడం, తేవడం అన్నీ పెద్దమ్మ పనే.

ఆమెను తలుచుకుంటే ముఖం కంటే ముందు సంచి గుర్తొస్తుంది. ఆకుపచ్చ గుడ్డ సంచిలో తువ్వాలు చుట్టిన గిన్నెను పెట్టుకుని, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎడమ చంకన ఎత్తుకునేది. ఒకసారి షేర్ ఆటోలో కొత్త డ్రైవరు వెనక్కి తిరిగి, "పాపని ఒళ్ళో పెట్టుకో అవ్వా, ఇంకొకరు పడతారు" అన్నాడు. "ఒళ్ళోనే ఉండాదిలే నాయనా. ఏడవదు కూడా. నువ్వు మాత్రం గుంతల్లో మెల్లంగా పోనీ" అంది.

పాట ఎప్పుడూ అందరికీ అందనంత పైన ఎత్తుకునేది. చరణం పూర్తయ్యేసరికి మగవాళ్ళు సగం మంది నోరు కదిలించడంతో సరిపెట్టుకునేవాళ్ళు. ప్రసంగం సాగిపోతే నా వైపు వంగి, "అయ్యగారు ఈ రోజు ఆమెన్‌కి దారి మర్చిపోయినాడు" అనేది. శ్రీహరికోటలో రాకెట్టు లేచిన రోజున ఊరంతా మిద్దెలెక్కి చూస్తుంటే, ఆమె నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "పైకి పోయేదానికి ఇంత గోల అవసరమా. మా అమ్మ ఎంత గమ్మున పోయింది" అంది.

ఇంకొక అలవాటుండేది. బస్సయినా ఆటో అయినా దిగాక ఒకసారి వెనక్కి వంగి, తను కూర్చున్న సీటు కింద, పక్కన చూసేది. "ఎవుర్నన్నా వదిలేసినామా?" అనేది. వస్తువులను కూడా ఎవరు అనే అడిగేది. డ్రైవర్లు విసుక్కున్నా ఆ చూపు మానలేదు. అలాంటి మనిషి ఒకసారి చూడకుండా దిగింది. అదీ ఆ గిన్నెతో వెళ్ళిన రోజునే.

అది చెప్పాలంటే మా సంఘం సంగతి కొంచెం చెప్పాలి. పోర్టు వచ్చాక రోడ్డు వెడల్పయింది. ఎక్కడో లోపల ఉండే మా మందిరం ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చింది. స్థలాన్ని గోడౌనుకు ఇచ్చేసి ఊరి మధ్యలో పెద్ద మందిరం కట్టుకుందామని కొందరన్నారు. పునాదిరాయి కదలడానికి వీల్లేదని కొందరన్నారు. సంఘం రెండై కోర్టుకెక్కింది. వద్దన్నవాళ్ళు మందిరంలో ఉండిపోయారు, ఇద్దామన్నవాళ్ళు రోడ్డు అవతల రేకుల షెడ్డు వేసుకున్నారు. నేను షెడ్డు వైపు. ఎందుకో చెప్పడం మొదలుపెడితే ఇదీ ఒక కోర్టు కాగితం అవుతుంది. రెండు వైపులా పెద్దలు వరసకు బావా బామ్మర్దులు. మందిరం పెద్దకు రొయ్యల మేత వ్యాపారం, షెడ్డు పెద్దకు పోర్టులో తిరిగే లారీలు.

మా పాత పాస్టరుగారు మంచాన పడినప్పుడు ఇద్దరినీ పిలిపించుకున్నారు. మిగతావన్నీ కోర్టు పంచుతుంది, గిన్నెను మాత్రం పంచుకోకండి, పెద్దమ్మ దగ్గరే ఉంచి ఇద్దరూ దానిలోనే తాగండి అన్నారు. ఆయన ముందు ఇద్దరూ తలూపారు. ఆయన పోయాక కూడా ఆ ఒక్క మాట నిలబడింది. మొదటి ఆదివారం ఉదయం పెద్దమ్మ మందిరంలో గిన్నె అందించి, కడిగి, సంచిలో పెట్టుకుని, రోడ్డు దాటి మా షెడ్డుకు వచ్చేది. బొగ్గు లారీలు రెండు వైపులా ఆగకుండా పోతుంటే రోడ్డు మధ్యలో డివైడరు మీద నిలబడిపోయేది. అటు వెళ్ళలేకపోయేది, ఇటు రాలేకపోయేది. పైట తల మీదికి లాక్కుని సంచిని రెండు చేతులతో పట్టుకుని దుమ్ములో నిలబడేది. ఆమె జీవితంలో ఎక్కువ భాగం ఆ డివైడరు మీదే గడిచినట్టు నాకనిపిస్తుంది.

మందిరం వైపు ముసలాయన ఒకరు నెల్లూరు ఆసుపత్రిలో ఉంటే, ఆయనకు బల్ల ఇవ్వడానికి ఒక శనివారం టాక్సీ మాట్లాడుకుని వెళ్ళారు. మందిరం పాస్టరు పని చూసుకుని నెల్లూరులోనే ఆగిపోయాడు. తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో మందిరం పెద్ద, వెనక పెద్దమ్మ. ఆమె తర్వాత నాకు చెప్పింది. నెల్లూరు దాటిన దగ్గర్నుంచీ ఆయన ఒకటే మాటట.

"గిన్నె మందిరానిది పెద్దమ్మా. మందిరం యాడుంటే గిన్నె ఆడుండాల. ఈ నెల నుంచి రోడ్డు దాటించబాక."

"అయ్యగారికి మాటిచ్చినావు కదయ్యా."

"అయ్యగారు పోయినాడు. కేసు ఉండాది. నువ్వు అటు తీసకపోయిన ప్రతిసారీ మా లాయరు తల పట్టుకుంటుండాడు."

ఊరి మొదట్లో లారీలు అడ్డం నిలిచి కారు ఆగింది. ఇక వినలేక తలుపు తీసుకుని దిగి, ఇంటి దాకా నడిచిపోయింది. వెనక్కి వంగి చూడలేదు. మలుపుల్లో సంచి సీటు కిందికి జారిపోయిన సంగతి ఇంట్లో గిన్నె తీసి తోమబోయేదాకా తెలియలేదు.

మరునాడు కారు కడుగుతూ డ్రైవరు సంచిని చూసి ట్రావెల్స్ ఆఫీసులో ఇచ్చాడు. ఆ కబురు ఊళ్ళో అందరికంటే ఆలస్యంగా పెద్దమ్మకు చేరింది. ఆమె, నేను బస్సెక్కి నెల్లూరు వెళ్ళేసరికి మందిరం పెద్ద ఒకసారి, షెడ్డు పెద్ద ఒకసారి అక్కడికి వచ్చి పోయారు. గిన్నె మాదంటే మాదన్నారు. ట్రావెల్స్ ఓనరు నుదుట విభూతి పెట్టుకున్న పెద్దమనిషి. గిన్నెను తన ఆఫీసులో దేవుడి పటాల పక్కన పెట్టి, మీద ఒక మందార పువ్వు ఉంచాడు.

"దేవుడి సామానంటే కింద పెట్టలేకపోయినానమ్మా. తప్పయితే చెప్పండి" అన్నాడు.

పెద్దమ్మ పువ్వును తీసి చేతిలో పట్టుకుంది. "తప్పేముంది నాయనా. మా ఊళ్ళో కంటే నిమ్మళంగా ఉండాది ఈడ."

"ఇచ్చేదానికి నాకేం అడ్డం లేదు. ఇద్దరు పెద్దమనుషులు వచ్చినారు, ఇద్దరూ కోర్టు అంటుండారు. రేపు నన్ను కూడా మెట్లెక్కిస్తారు. ఇది ఎవరిదో రాసి, సంతకం పెట్టి, లెటరు ఇయ్యండి. నా ఫైల్లో పెట్టుకుంటా."

ఆయన అడిగిందాంట్లో అన్యాయం ఏమీ లేదు. ఆ మాటే మమ్మల్ని ఇరకాటంలో పెట్టింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ మా వాకిలి మెట్టు మీద కూర్చుంది. నేను రాయడం మొదలుపెట్టాను. గౌరవనీయులైన యజమాని గారికి. విషయం, తమ టాక్సీలో మరిచిపోయిన వెండి గిన్నెను తిరిగి ఇప్పించవలసినదిగా కోరుతూ. ఆర్యా, మా సంఘమునకు చెందిన... అని చదివాను.

"ఏ సంఘం?" అంది.

"పేరు రాద్దాం."

"ఆ పేరు కోసమే కదా కోర్టులో కొట్టుకుంటుండేది. నేను ఆ పేరు రాస్తే ఎవురో ఒకరు గెలిచినట్టు. ఆ వారం నుంచి రెండో వాళ్ళకి గిన్నె లేదు. ఒక్క గిన్నెలో తాగబట్టి ఇంకా ఒకరి పెళ్ళికి ఒకరు పోతుండారు అబ్బయా. అది కూడా పోతే ఇంకేముండాది?"

ఆ కాగితం పక్కన పెట్టాను. నాకు తెలిసిన సత్యమే రాద్దామని, "ఈ గిన్నె దేవునిది, ఆయన సేవకురాలినైన నా స్వాధీనంలో ఉన్నది" అని రాశాను. ఆమె ముఖం విప్పారింది. మరునాడు తీసుకువెళ్తే ఓనరు రెండుసార్లు చదువుకుని కాగితం మెల్లగా మా వైపు జరిపాడు.

"నేనూ భక్తిపరుణ్ణే సార్. అయితే ఆయన వచ్చి సంతకం పెట్టడు గదా. నాకు మనిషి కావాల."

తిరిగి బస్సెక్కాం. ఊరు దగ్గర పడుతుండగా, "సొలొమోను దగ్గరికి ఇద్దరు ఆడమనుషులు వచ్చినారు చూడు" అంది. ఒక బిడ్డ కోసం వచ్చిన ఇద్దరు. బిడ్డను రెండుగా కోసి పంచమని రాజు అన్నప్పుడు, నాకొద్దు, ఆమెకే ఇచ్చేయండి అన్నది నిజమైన తల్లి, కోసెయ్యమన్నది రెండో ఆమె. ఆదివారం బడి పిల్లలకు నేను ఎన్నోసార్లు చెప్పిన కథ.

"ఇద్దరిలో ఎవురో ఒకరు, అవతలోళ్ళకే ఇచ్చేయమని రాస్తే చాలు. రాసినోళ్ళే తల్లి. అడుగుతా" అంది.

తెల్ల కాగితం పట్టుకుని ఇద్దరి ఇళ్ళకూ వెళ్ళింది. మందిరం పెద్ద కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తాగించి, "వాణ్ణి ముందర రాయమను పెద్దమ్మా, అప్పుడు చూస్తాం" అన్నాడు. షెడ్డు పెద్ద కొబ్బరి బోండాం కొట్టించి, "బావ చేత రాయించుకుని రా, నేను దాని కింద సంతకం పెడతా" అన్నాడు. ఇద్దరూ ఆమె చేత ప్రార్థన చేయించుకునే పంపించారు. మళ్ళీ మా మెట్టు మీదికి వచ్చి కూర్చుని పైటతో మెడ తుడుచుకుంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఇద్దరూ రెండో ఆడమనిషే అబ్బయా."

చేతిలోని తెల్ల కాగితం నా ముందు పెట్టింది. ఆ తర్వాత, "రాయి. ఈ గిన్నె నాది అని రాయి" అంది.

నేను కలం కింద పెట్టాను. ఆమె సంగతి నాకు తెలుసు. ఇంట్లో ఉండి లేనని చెప్పించని మనిషి. చీటీపాట వాళ్ళు వచ్చినప్పుడు దొడ్లో దాక్కున్న పొరుగామె ఎక్కడని అడిగితే, "దొడ్లో ఉండాది, పిలవబాకండి, భయపడుతుండాది" అని చెప్పి ఆమె చేత నెల రోజులు తిట్లు తిన్న మనిషి.

"పెద్దమ్మా, అది అబద్ధం."

"తెలుసు."

"సంతకం పెట్టి మరీ ఆడే అబద్ధం."

"అందుకే నిన్ను ఆడమంటంలా. నువ్వు రాసేవాడివి. అబద్ధం నాది."

రాశాను. పై గిన్నె నా సొంత వస్తువు, దానిపై మరెవరికీ హక్కు లేదు. చదివి వినిపించమంది. విని, కలం తీసుకుని, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ సంతకం పెట్టింది. ఆధార్ జిరాక్సు జతచేసి ఇస్తే ఓనరు గిన్నెను తువ్వాల్లో చుట్టి రెండు చేతులతో ఇచ్చాడు. బస్సు దిగేటప్పుడు గిన్నె చంకలోనే ఉన్నా వెనక్కి వంగి సీటు కింద చూసింది.

ఊళ్ళో పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. రెండు రోజులు అయింది కూడా. పెద్దమ్మ గిన్నె కాజేసిందని అన్నవాళ్ళున్నారు. ఇద్దరు పెద్దలూ ఆ ఉత్తరం జిరాక్సులు తెచ్చుకుని లాయర్లకు చూపించారు. గిన్నె అవతలివాళ్ళది కాదని తేలింది, అది చాలు అని ఇద్దరూ ఊరుకున్నారు. మొదటి ఆదివారం ఎప్పటిలాగే ఆమె మందిరంలో గిన్నె అందించి, డివైడరు మీద నిలబడి, మా షెడ్డుకు వచ్చింది. పాట ఎప్పటిలాగే అందనంత పైన ఎత్తుకుంది. గిన్నె వరస తిరిగి ఆమె దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం పెదవికి తాకించకుండా పక్కామెకు అందించింది.

పొద్దున మందిరంలో తీసుకుని ఉంటుంది అనుకున్నాను. అలా చాలా నెలలు అనుకున్నాను. మా వదిన మందిరం వైపు మనిషి. ఒక రోజు మాటల్లో, "పెద్దమ్మ మా దగ్గర తీసుకోదు, మీ షెడ్డులో తీసుకుంటుంది కదా" అంది. అప్పుడు అర్థమైంది. అందరికీ గిన్నె మోసే మనిషి ఎక్కడా అందులోది తాగడం లేదు.

ఆమె ఇంటికి వెళ్ళి అడిగాను. దాచలేదు. అబద్ధానికి సంతకం పెట్టిన చేత్తో ఆ గిన్నె ఎత్తి ఎట్టా తాగేది అంది. రాజైన ఫరోతో అబద్ధమాడి బిడ్డలను కాపాడిన మంత్రసానులను దేవుడు దీవించాడు కదా అని నాకు తెలిసిన వాక్యం గుర్తు చేశాను.

"వాళ్ళు బిడ్డల కోసం ఆడినారు. గిన్నె బిడ్డా అబ్బయా?"

"అయితే ఒప్పుకో. దేవుడు క్షమించడా?"

"ఆయన ఎప్పుడో క్షమించినాడు. దాంట్లో నాకేం అనుమానం లేదు. సంతకం పెట్టిన రోజునే మోకాళ్ళ మీద ఒప్పుకున్నా. కాగితం మీద పెట్టింది నలుగురిలో పెట్టినట్టే కదా. నలుగురి ముందర ఒప్పుకున్నాకే బల్ల."

అది మా సంఘం క్రమం. బాహాటంగా తప్పు చేసినవాళ్ళు ఆదివారం సంఘం ముందు నిలబడి ఒప్పుకోవాలి. అప్పుడు పాస్టరు చెయ్యి పట్టుకుని మళ్ళీ బల్లలోకి చేర్చుకుంటాడు. నేను చిన్నప్పటి నుంచీ చూసిందే.

"అయితే ఈ ఆదివారం నిలబడు. నేను పక్కన నిలబడతా."

ఆమె నా వైపు జాలిగా చూసింది. "యాడ నిలబడేది? మందిరంలో నిలబడి గిన్నె నాది కాదని చెప్తే, మందిరమే సంఘమని నేను ఒప్పుకున్నట్టు. ఆ మధ్యాహ్నానికే వాళ్ళ లాయరుకి పోతుంది. షెడ్డులో నిలబడితే మీ లాయరుకి. మళ్ళా గిన్నె కోసం కొట్లాట మొదలు. నేను ఒప్పుకునేదానికి సిద్ధంగా ఉండా. నా ఒప్పుకోలు వినేదానికి సంఘం కావాల. సంఘం యాడుండాది అబ్బయా?"

 ఇద్దరు పాస్టర్లతోనూ విడివిడిగా మాట్లాడతానన్నాను. వద్దంది. ఒకటైన రోజున నిలబడతాలే అంది. మళ్ళీ ఒకటవుతుందని, అది తాను చూస్తానని ఆమె నిజంగానే నమ్మింది. నేనూ ప్రార్థన చేశాను. ఇప్పటికీ చేస్తున్నాను. కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

ఆమె పోయి రెండు వానాకాలాలు గడిచాయి. సమాధుల దొడ్డి ఒకటే కాబట్టి ఇద్దరు పాస్టర్లూ ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. రెండు గుంపులూ గుంటకు చెరోవైపు నిలబడ్డాయి. ఆ ఉత్తరం ప్రకారం గిన్నె ఇప్పుడు, ఆమెకు వారసురాలిగా మిగిలిన ఒక్క చెల్లెలిది. చెల్లెలూ అలాగే రోడ్డు దాటుతోంది.

పెద్దమ్మను నేను ఎక్కువగా తలుచుకునేది మాత్రం ఆమె ఆఖరి ఏడాదిలో ఒక ఆదివారాన్ని. గిన్నె కడిగిన నీళ్ళు కాలువలో పొయ్యకూడదని మా పాతకాలం వాళ్ళ పట్టింపు. మా షెడ్డు వెనక కొళాయి దగ్గర కడిగి, ఆ నీళ్ళను ఆమె పక్కనున్న కనకాంబరం మొదట్లో పోసేది. ఆ రోజు ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయారు. మరిచిపోయిన కళ్ళజోడు కోసం నేను వెనక్కి వచ్చాను. ఆమె కొళాయి కింద గిన్నె పట్టి, కొంచెం నీళ్ళు తిప్పి తిప్పి అంచు దాకా కడిగింది. కనకాంబరం వైపు వంగలేదు. కళ్ళు మూసుకుని, పెదవులు కదిలించి, గిన్నె ఎత్తి ఆ నీళ్ళు తాగేసింది.

కళ్ళు తెరిచి నన్ను చూసింది. దొరికిపోయినట్టు ఉలిక్కిపడలేదు. కుక్కపిల్లలు కూడా యజమానుల బల్ల కింద పడ్డ ముక్కలు తింటాయి కదా అని ప్రభువుకే ఎదురు జవాబు చెప్పిన ఆ పరాయి దేశపు తల్లి గుర్తొచ్చింది నాకు. పెద్దమ్మకూ అదే గుర్తొచ్చిందేమో.

"ఇది బల్ల కాదులే అబ్బయా" అంది. "బల్ల కింద."

గిన్నె బోర్లించి, మట్టి మీదికి దులిపింది. ఒక్క చుక్క కూడా రాలలేదు.